అందరి స్కోర్లూ రాసిన ఆవిడ కోసం ఒక దరఖాస్తు

దరఖాస్తు మూడో పేజీలో ఒక గడి ఉంది. "సేవలకు ఆధారాలు జతచేయండి" అని దాని పైన రాసి ఉంది. ఆ ఒక్క గడి నింపడానికి నాకు పది నెలలు పట్టింది.

మేముండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివార్లలో. మా మంగళవారం ఆడవాళ్ళ బౌలింగ్ లీగ్‌కి యాభై ఏళ్ళకు పైగా సెక్రటరీగా ఉన్న ఒక పెద్దావిడ పేరును మా ప్రాంత బౌలింగ్ అసోసియేషన్ వాళ్ళ హాల్ ఆఫ్ ఫేమ్‌కి పంపించాను. తన గురించి నలుగురూ చెప్పుకోవడం ఆవిడకి ఇష్టం ఉండదు, అందుకే ఇక్కడ పేరు రాయడం లేదు. ఏ సంఘానికైనా ఇలాంటి మనిషి ఒకరుంటారు. వాళ్ళ కోసం మీరు ఎప్పుడైనా ఇలాంటి పని మొదలుపెడితే నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

బౌలింగ్ అనగానే మనకి క్రికెట్ గుర్తొస్తుంది. ఇది వేరే. ఫౌల్ లైన్ (ఆడేవాళ్ళు దాటకూడని గీత) నుంచి అరవై అడుగుల దూరంలో పది పిన్నులు నిలబెట్టి ఉంటాయి, బరువైన బంతిని లేన్ అనే సన్నటి బాట మీద దొర్లించి వాటిని పడగొట్టాలి. హైదరాబాద్ మాల్స్‌లో పుట్టినరోజు పార్టీలకి వెళ్ళి ఆడే ఆటే. కానీ కార్ల ఫ్యాక్టరీల చుట్టూ పెరిగిన డెట్రాయిట్‌లో ఇది పార్టీ ఆట కాదు. షిఫ్టు దిగినవాళ్ళు ఇంటికెళ్ళే ముందు ఆడే లీగులు, చర్చిల లీగులు, పిల్లల్ని బడికి పంపి వచ్చే తల్లుల లీగులు, ఇలా వారంలో ప్రతి రోజూ ఏదో ఒక లీగ్ నడిచేది. ఇక్కడికి దగ్గర్లోని ఆలెన్ పార్క్‌లో 90 లేన్లున్న బౌలింగ్ సెంటర్ ఇప్పటికీ ఉంది. ఒకే కప్పు కింద 90 లేన్లు కావాల్సి వచ్చాయంటే ఒకప్పుడు ఎంతమంది ఆడేవాళ్ళో ఊహించుకోవచ్చు.

నేను 2011 నవంబరులో మా లీగ్ ఆడే బౌలింగ్ సెంటర్ తలుపు తోసుకుని లోపలికెళ్ళాను. మావారి వీసా మీద వచ్చాను కాబట్టి అప్పట్లో నాకు ఉద్యోగం చేసే వీలు లేదు. నాలుగేళ్ళ పాపతో, నాలుగింటికే చీకటి పడుతున్నట్టుండే ఆ చలికాలంలో రోజంతా అపార్ట్‌మెంట్‌లోనే ఉండేదాన్ని. మా కింది పోర్షన్ ఆవిడ ఒకరోజు తలుపు కొట్టి, "మా టీమ్‌లో ఒకరికి జ్వరం, ఇవాళ్టికి సబ్‌స్టిట్యూట్‌గా వస్తావా?" అని అడిగింది. ఆట రాదన్నాను. రానక్కర్లేదంది.

సెంటర్లో లేన్ల వెనక, కాఫీ యంత్రం పక్కన ఒక బల్ల. ఆ బల్ల దగ్గర డెబ్బై ఏళ్ళ ఆవిడ, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, ముందు ఆకుపచ్చ అట్ట పుస్తకం, రేకు డబ్బా. నా పేరు అడిగారు. చెప్పాను. ఇక్కడ నా పేరు సగానికి కుదించని వాళ్ళు తక్కువ. ఆవిడ మాత్రం ఒక్కో అక్షరం అడిగి రాసుకుని, రెండుసార్లు పలికి చూసి, "సరిగ్గా అన్నానా?" అని అడిగారు.

నాలుగు వారాలయ్యాక నా యావరేజ్ 96 అని తేలింది. టీమ్‌లో మిగతావాళ్ళవి 130, 140. నా వల్ల వాళ్ళు ఓడిపోతారేమోనని ఇక రానని చెప్పడానికి ఆవిడ దగ్గరికెళ్ళాను. ఆవిడ ఒక కాగితం తీసుకున్నారు.

"మన లీగ్‌లో లెక్క 200 నుంచి. 200లో నీ 96 తీసేస్తే 104. అందులో 90 శాతం అంటే 93. ప్రతి ఆటకీ నీకు 93 పిన్నులు ముందే పడినట్టు లెక్క. నా యావరేజ్ 150, కాబట్టి నాకు వచ్చేవి 45 మాత్రమే. ఇవాళ నువ్వు 110 కొట్టి నేను 150 కొట్టాననుకో. ఎవరు గెలిచినట్టు?"

వేళ్ళ మీద లెక్కేసుకుని, నేనే అన్నాను. 203, 195.

"అందుకే హ్యాండిక్యాప్ పెట్టారు. వచ్చే మంగళవారం వస్తున్నావుగా?"

ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ఈ దేశానికి వచ్చాక నాకోసం ఒకరు కూర్చుని, లెక్క వేసి, నీకిక్కడ చోటుందని చూపించడం అదే మొదటిసారి. ఆవిణ్ణి చూసినప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొచ్చేది. తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మ డ్వాక్రా గ్రూపు పుస్తకాలు రాసేది. రోజుకో రూపాయి పొదుపు చేసే రోజులవి. రాత్రి అన్నాలయ్యాక పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం, తీర్మానాల పుస్తకం మూడూ ముందేసుకుని, కరెంటు పోతే లాంతరు పెట్టుకుని మరీ పద్దులు సరిచూసేది. లెక్క రాసేవాళ్ళు నిలకడగా ఉంటేనే పదిమంది ఆడవాళ్ళు ఒకచోట నిలబడతారని నేను చిన్నప్పటి నుంచీ చూశాను. ఇక్కడ భాష వేరు, ఆట వేరు, కానీ ఆ బల్ల నాకు తెలిసిన బల్లే.

లీగ్ సెక్రటరీ పని బయటివాళ్ళకి కనపడదు. ప్రతి వారం ఆడే ప్రతి మనిషి దగ్గరా డబ్బు తీసుకోవాలి. అందులో కొంత సెంటర్‌కి, కొంత సీజన్ చివర ఇచ్చే బహుమతులకి. మూడు ఆటల స్కోర్లు, కొత్త యావరేజ్, కొత్త హ్యాండిక్యాప్, ఏ టీమ్‌కి ఎన్ని పాయింట్లు, వచ్చే వారం ఎవరు ఏ లేన్ మీద, ఇవన్నీ ఒక షీటు మీదకి రావాలి. ఇప్పుడు కంప్యూటర్ చేస్తుంది. ఆవిడ మొదలుపెట్టినప్పుడు అంతా చేత్తోనే. మంగళవారం రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి, వంటింటి బల్ల మీద తెల్లవారుజాము దాకా లెక్కలు వేసి, స్టెన్సిల్ కోసి, మర్నాటికి కాపీలు తీసేవారట. లీగ్ ఖాతాలోంచి డబ్బు తీయాలంటే రెండు సంతకాలుండాలని నియమం. రెండో సంతకం చేసే ప్రెసిడెంట్లు మారుతూ వచ్చారు, ఆవిడ సంతకం అలాగే ఉంది. ఒక్క సీజన్లో కూడా బహుమతి డబ్బు తక్కువ పడలేదు. ఈ మాట తేలిగ్గా రాయడం లేదు. తర్వాత నేనే ఆ పుస్తకాలన్నీ కూడి చూశాను.

లీగ్ ఒక్కటే కాదు. అసోసియేషన్ తరఫున ఏటా లేన్లు తనిఖీ చేయాలి. లేన్ అడ్డంగా ఎక్కడైనా అంగుళంలో వెయ్యింట నలభై వంతులకి మించి వాలినా, గుంటపడినా సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఆవిడ మోకాళ్ళ మీద పాకుతూ లేన్ పొడవునా కొలతలు తీసేవారు. 2012 వేసవిలో నేను పక్కన కూర్చుని అంకెలు రాసిపెట్టాను. డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో ఒక్క రోజులో ఇరవై నాలుగు లేన్లు. మధ్యలో సాయం చేస్తానంటే, నీకు టూల్ వాడటం వచ్చాక చేద్దువుగాని అన్నారు.

శనివారం పొద్దున పిల్లల లీగ్. మా పాప ఏడేళ్ళకి అందులో చేరింది. ఆరు పౌండ్ల బంతిని రెండు చేతులతో ఎత్తి విసిరేది. పిల్లలు గెలిచిన సొమ్ము చేతికివ్వరు. స్మార్ట్ అనే పథకం కింద వాళ్ళ పేరు మీద జమచేస్తారు, కాలేజీకి వెళ్ళినప్పుడు ఫీజుకి వాడుకోవచ్చు. ఏ పిల్లకి ఎంత జమైందో, ఎవరు కాలేజీలో చేరి కూడా ఇంకా అడగలేదో ఆవిడకి తెలుసు. అడగనివాళ్ళకి ఆవిడే ఫోన్ చేసేవారు. మిషిగన్‌లో 2003-04 నుంచి హైస్కూళ్ళలో బౌలింగ్ రాష్ట్రస్థాయి పోటీ క్రీడ అయింది. 2004 నుంచి కాలేజీ అమ్మాయిలకి ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల జాతీయ సంఘం) ఛాంపియన్‌షిప్ కూడా ఉంది. మన తల్లిదండ్రులు స్పెల్లింగ్ బీకి, టెన్నిస్‌కి తిప్పినట్టు దీనికి తిప్పరు, ఈ దారి ఒకటుందని చాలామందికి తెలియదు. మా పాప ఇప్పుడు హైస్కూల్ టీమ్‌లో ఆడుతోందంటే ఆ శనివారాలే కారణం.

2020 మార్చిలో సెంటర్ మూతపడింది. మా లీగ్‌లో అప్పుడు 38 మందిమి. ఆట లేని ప్రతి మంగళవారం, మేము ఆట మొదలుపెట్టే ఆరున్నరకి, ఆవిడ వరసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. జాబితాలో పై నుంచి కిందికి. రాత్రి తొమ్మిదింటికి నా వంతు వచ్చేది. ఎలా ఉన్నావు, ఇండియాలో అమ్మ ఎలా ఉంది, పాప ఏం తింది, అంతే. 2021 వేసవిలో మా అమ్మ పోయింది. నేను వెళ్ళలేకపోయాను. ఆ మంగళవారం ఆవిడ ఫోన్లో ఏమీ మాట్లాడలేదు, నేను ఏడుస్తున్నంతసేపూ లైన్లో ఉన్నారు.

ఆ ఏడు సెప్టెంబరులో మళ్ళీ ఆట మొదలైనప్పుడు, సెంటర్ గోడ మీద హాల్ ఆఫ్ ఫేమ్ ఫోటోల దగ్గర నిలబడి మొదటిసారి ఒక్కొక్కటే చూశాను. ఆవిడ ఫోటో లేదు. అడిగితే ఒకావిడ, "ఎవరో పంపించే ఉంటారనుకున్నా" అంది. ఇంకొకావిడా అదే మాట. ఆరేడుగురిని అడిగాను. అందరిదీ అదే జవాబు. ఇన్నేళ్ళలో ఒక్కరూ పంపలేదు.

దరఖాస్తు తెప్పించుకున్నాను. ఇలాంటి హాల్ ఆఫ్ ఫేమ్‌లలో మామూలుగా రెండు దారులుంటాయి. ఒకటి ఆటలో ప్రతిభకి, రెండోది సేవకి. ఆటదైతే తేలిక, 300 (ఒక ఆటలో రాగల అత్యధిక స్కోరు) కొట్టారా, టైటిల్ గెలిచారా, రికార్డులో ఉంటుంది. సేవ అనేసరికి ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ పదవి, ఆధారమేమిటి, మద్దతు లేఖలు కనీసం మూడు. నేను 2022 ఫిబ్రవరిలో నాలుగు పేజీలు రాసి పంపాను. ఆవిడ మంచితనం గురించి, ఫోన్ల గురించి, హ్యాండిక్యాప్ కాగితం గురించి. ఏప్రిల్లో తిరిగొచ్చింది. "ఆధారాలు చాలవు" అని ఒక్క వాక్యం.

నాకు చాలా కోపం వచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కమిటీలో ఇద్దరు చిన్నప్పుడు ఆవిడ దగ్గర శనివారం లీగ్‌లో ఆడినవాళ్ళే, వాళ్ళకి ఇంకా ఆధారం కావాలా అనిపించింది. కానీ కోపం తగ్గాక ఆ నాలుగు పేజీలు మళ్ళీ చదువుకుంటే, అందులో 2011కి ముందుది ఒక్క తేదీ కూడా లేదు. నేను రాసింది నా పదేళ్ళు. ఆవిడవి యాభై.

ఆవిడకి చెప్పకుండా చేయడం ఇక కుదరదు. మే నెలలో ఇంటికెళ్ళి విషయం చెప్పాను. వద్దన్నారు.

"నా జీవితంలో ఎక్కువ కొట్టింది 234. ఆ గోడ మీద వాళ్ళు ఆటగాళ్ళు."

"మీరు బల్ల దగ్గర కూర్చోకపోతే వాళ్ళు కొట్టిన 300 ఎవరు రాసేవాళ్ళు?" అన్నాను.

చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. చివరికి, "సరే. కానీ ఒక్క ముక్క కూడా ఎక్కువ రాయకు" అన్నారు. అదొక్కటే షరతు.

ఆ ఇంటి బేస్‌మెంట్‌లో 1983 నుంచి లీగ్ పుస్తకాలన్నీ ఉన్నాయి. వేలమంది స్కోర్లు. ఆవిడ గురించి మాత్రం ఏమీ లేదు. తన సర్టిఫికెట్లు, బ్యాడ్జీలు పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చేశారట. 1983కి ముందు కాగితాలు ఎక్కడ అంటే, ఆడవాళ్ళ అసోసియేషన్ పెట్టెల్లో ఉండాలన్నారు. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఈ దేశంలో మగవాళ్ళ బౌలింగ్ సంఘం 1895లో ఏర్పడింది. అందులో ఆడవాళ్ళకి చోటు లేదు. 1916లో సెయింట్ లూయిస్‌లో నలభై మంది ఆడవాళ్ళు కలిసి తమ జాతీయ సంఘం తామే పెట్టుకున్నారు. దాని కిందే ఊరూరా ఆడవాళ్ళ అసోసియేషన్లు వచ్చాయి. 1970ల చివర్లో ఆ సంఘంలో సభ్యులు 40 లక్షలకు పైగా. సెక్రటరీలు, ట్రెజరర్లు, టోర్నమెంట్లు నడిపేవాళ్ళు అందరూ ఆడవాళ్ళే. బ్యాంకులో తమ పేరు మీద అప్పు కూడా సరిగ్గా పుట్టని కాలంలో వాళ్ళు అంతంత ఖాతాలు నడిపారు. 2005లో మగవాళ్ళ, ఆడవాళ్ళ, పిల్లల సంఘాలన్నీ కలిపి ఒక్కటే చేశారు. తర్వాత ఊళ్ళ అసోసియేషన్లూ ఒక్కొక్కటే కలిశాయి. కలపడం మంచిదే. కానీ రెండు ఆఫీసులు ఒకటైనప్పుడు రెండు బీరువాలకి చోటుండదు. మా ప్రాంతంలో ఆడవాళ్ళ అసోసియేషన్ పెట్టెలు ఒక సభ్యురాలి బేస్‌మెంట్‌కి చేరాయి. 2014 ఆగస్టులో డెట్రాయిట్ చుట్టుపక్కల కుంభవృష్టి కురిసి వేల ఇళ్ళ బేస్‌మెంట్లు మునిగినప్పుడు అవీ మునిగాయి. ముద్దయిపోయిన కాగితాలు రోడ్డు పక్కన పెట్టేశాం అని ఆ సభ్యురాలు చెప్తూ కళ్ళు తుడుచుకుంది.

ఇక మిగిలింది పాత వార్తాపత్రికలు. ఒకప్పుడు ఇక్కడి పేపర్లు ప్రతి వారం లీగ్ స్కోర్లన్నీ అచ్చేసేవి. అవి మైక్రోఫిల్మ్ రీళ్ళ మీద పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. జూన్ నుంచి శనివారం మధ్యాహ్నాలు నేను ఆ రీళ్ళ ముందు కూర్చున్నాను. హ్యాండిల్ తిప్పుతుంటే తెర మీద పేజీలు జారిపోతాయి. కళ్ళు తిరుగుతాయి. సోఫాల అమ్మకాల ప్రకటనలు, వియత్నాం వార్తలు, మధ్యలో చిన్న అక్షరాల్లో బౌలింగ్. మూడు శనివారాలు 1968 నుంచి 1972 దాకా చూశాను. ఆవిడ పేరు ఒక్కసారి కూడా కనపడలేదు.

నాలుగో శనివారం లైబ్రరీలో పనిచేసే ఒక పెద్దావిడ నా కాగితం చూసి, "భర్త పేరేమిటి?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. ఆమె చూపించింది. ఆ రోజుల్లో పేపర్లో పెళ్ళైన ఆడదాని పేరు వేయరు. "మిసెస్" అని రాసి, ఆ పక్కన భర్త పేరు, ఇంటిపేరు. ఆవిడ సొంత పేరు ఎక్కడా ఉండదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారడం మనకీ ఉంది. కానీ మనిషి పేరే మాయమవడం నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మ పేరు డ్వాక్రా పుస్తకంలో అమ్మ పేరే.

ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. ఆయన పేరుతో వెతికితే అరగంటలో దొరికింది. 1969 సెప్టెంబరు, మంగళవారం ఆడవాళ్ళ లీగ్ కొత్త కార్యవర్గం, సెక్రటరీ, మిసెస్ ఫలానా. అక్కడి నుంచి దారి తెలిసింది. 1971లో పిల్లల టోర్నమెంట్. 1977లో ఆడవాళ్ళ అసోసియేషన్ డైరెక్టర్. 1986 నుంచి పేపర్లో ఆవిడ సొంత పేరు కనిపించడం మొదలైంది. అది మొదటిసారి కనపడ్డ పేజీ రెండు కాపీలు తీయించుకున్నాను, ఒకటి ఫైలుకి, ఒకటి నాకు.

రెండో ఆధారం యావరేజ్ బుక్కులు. అసోసియేషన్లు ఏటా సభ్యులందరి యావరేజ్‌లు చిన్న పుస్తకంగా అచ్చువేసేవి, వెనక పేజీల్లో లీగ్ సెక్రటరీల జాబితా ఉండేది. పాత ప్లేయర్ల ఇళ్ళల్లో అడిగితే తొమ్మిది దొరికాయి. ఒకటి వంటల పుస్తకాల మధ్య, ఒకటి బౌలింగ్ బంతి సంచిలోనే. మీరు ఇలాంటి పని చేస్తే ముందు ఇవి అడగండి, పేపర్ల కంటే త్వరగా తేలుతుంది. ఇంకో మాట, పెద్దవాళ్ళని కలవడం వాయిదా వేయకండి. నేను అక్టోబరులో వెళదామనుకున్న ఒకావిడ సెప్టెంబరులో పోయారు. 1970ల టోర్నమెంట్ల గురించి బాగా తెలిసింది ఆవిడకేనట.

మద్దతు లేఖలు మూడడిగితే పదకొండు వచ్చాయి. అందులో ఒకటి నేను ఎప్పటికీ మర్చిపోను. రాసినావిడ నల్లజాతి మహిళ, ఎనభై దాటాయి. ఉత్తరం చేత్తో రాసి, ఇంటికి పిలిచి ఇచ్చారు. మగవాళ్ళ సంఘంలో తెల్లవాళ్ళకే సభ్యత్వమని రాతపూర్వకంగా నియమం ఉండేది, ఆడవాళ్ళ సంఘంలోనూ అంతే, రెండూ తీసేసింది 1950లో. అంతకు ముందే 1939లో నల్లజాతి ఆటగాళ్ళు తమ జాతీయ సంఘాన్ని ఈ డెట్రాయిట్‌లోనే పెట్టుకున్నారు. నియమం పోయినా మనుషులు వెంటనే మారలేదని ఆవిడ చెప్పారు. 1971లో తను, ముగ్గురు స్నేహితురాళ్ళు కలిసి టీమ్‌గా మా లీగ్‌లో చేరతామని వస్తే, ఖాళీ లేదని కొందరన్నారట. సెక్రటరీ పుస్తకం తెరిచి, ఏ లేన్ల జత ఖాళీగా ఉందో అందరి ముందూ పైకి చదివి, వాళ్ళ పేర్లు అక్కడే రాసేశారట. తర్వాతి వారం రెండు టీములు మానేశాయి. ఆ సీజన్లో ఆ రెండు టీముల డబ్బు లోటు తీర్చడానికి సెక్రటరీ కేకులు చేసి అమ్మారని ఆ ఉత్తరంలో ఉంది. ఆ విషయం ఈవిడ నాకెప్పుడూ చెప్పలేదు. అడిగితే, "ఖాళీ ఉంది కాబట్టి రాశాను" అన్నారు.

2023 జనవరిలో ఫైలు మళ్ళీ పంపాను. ఈసారి వర్ణనలు తీసేశాను. ఒక్కో సంవత్సరానికి ఒక్కో వరుస. సంవత్సరం, పని, ఆధారం ఎన్నో పేజీలో ఉంది. ఆవిడ వారం వారం వేసే స్టాండింగ్స్ (టీముల పాయింట్ల) షీటు ఎలా ఉంటుందో అలాగే. పేపర్ కాపీలు ఇరవై ఆరు. ఏ సంవత్సరానికి ఆధారం దొరకలేదో ఆ వరుస ఖాళీగా వదిలేసి, దొరకలేదని రాశాను. 1970ల మధ్యలో రెండు మూడు అలాంటివి ఉన్నాయి. ఎక్కువ రాయనని మాటిచ్చాను కదా.

మార్చిలో ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చింది. కారు పార్కింగ్‌లోనే చదువుకుని అక్కడే కాసేపు కూర్చుండిపోయాను. అమ్మ ఉంటే ముందు తనకే ఫోన్ చేసేదాన్ని.

మే నెలలో విందు. ఆవిడ నీలం గౌను వేసుకున్నారు, చెవి మిషన్లు రెండూ పెట్టుకున్నారు. మా టీమ్ అంతా ఒకే బల్ల. మా పాప ఆవిడ పక్కన. పేరు పిలిచినప్పుడు హాలంతా లేచి నిలబడింది. చేత్తో ఉత్తరం రాసిచ్చిన ఆ ఎనభై దాటినావిడ కర్ర పక్కన పెట్టి మరీ లేచారు. మా సెక్రటరీ మైకు దగ్గర రెండే వాక్యాలు మాట్లాడారు, అందులో ఒకటి వచ్చే సీజన్‌కి ఇంకా రెండు టీములు కావాలని. ఒకప్పుడు ఇరవై నాలుగు టీములున్న లీగ్‌లో ఇప్పుడు ఎనిమిదే.

తిరిగి బల్ల దగ్గరికొచ్చి కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, కార్యక్రమం పుస్తకంలో తన పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివారు. "1969 నుంచి నిరంతరాయంగా" అన్న చోట వేలు ఆగింది. నా ఫైల్లో ఆ మాట లేదు, అచ్చువేసినవాళ్ళు కలిపింది.

"పెన్నుందా?" అన్నారు.

ఇచ్చాను. "నిరంతరాయంగా" కొట్టేశారు.

"1974-75లో నేను లేను. రెండోవాడు పుట్టాడు. ఆ ఏడంతా ఇంకొకావిడ రాసింది. చాలా బాగా రాసింది, అప్పగించినప్పుడు ఒక్క పద్దు కూడా తేడా లేదు. నువ్వు ఖాళీగా వదిలిన వరుస ఆవిడది."

ఆవిడ పేరేమిటని అడిగాను. ఇంటిపేరు చెప్పి, మొదటి పేరు దగ్గర ఆగిపోయారు. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవడానికి చూశారు. అప్పట్లో అందరూ ఆమెని మిసెస్ అనే పిలిచేవాళ్ళమన్నారు.

ఆ శనివారం మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి 1974 సెప్టెంబరు రీలు అడిగాను.